ఖాళీ తుపాకీకి బొట్టు పెట్టకూడదట

మా పక్కింటి అప్పలనరసింహం గారి తుపాకీ ఇరవయ్యేళ్లలో ఒక్కసారి కూడా పేలలేదు. పోయిన దసరాకి కూడా పేలలేదు. ఆ రోజు ఎందుకు పేలలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన జాగ్రత్త వల్ల కాదు. నా జాగ్రత్త వల్ల అసలే కాదు.

అనకాపల్లి గవరపాలెంలో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. పెద్దలకి మిలటరీ బాబాయి, పిల్లలకి మిలటరీ తాత. పుట్టింది రోలుగుంట దగ్గర కొండ కింద ఊళ్లో. తండ్రికి కాస్త చెరకు, కాస్త వరి. ఇరవయ్యో ఏట విశాఖపట్నంలో సైన్యంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి, స్నేహితుడి బూట్లు అరువు తెచ్చుకుని పరుగుపందెంలో దిగాడు. ఆ స్నేహితుడు ఎంపిక కాలేదు, ఈయన అయ్యాడు. రాజస్థాన్‌లో, అస్సాంలో, జమ్మూలో పదిహేడేళ్లు చేసి హవల్దారుగా తిరిగొచ్చాడు. రెండేళ్లు చెరకు వేశాడు. ఆ తర్వాత బ్యాంకులో గార్డు ఉద్యోగం ఉందన్నారు. సొంత తుపాకీ, లైసెన్సు ఉన్నవాళ్లకే ఇస్తామన్నారు. అలా వచ్చింది ఆ రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకీ.

రోజూ సాయంత్రం ఐదున్నరకి సైకిలు మీద వచ్చేవాడు. భుజాన కాన్వాసు సంచిలో తుపాకీ. అరుగు మీద కూర్చుని దాన్ని మడత పెట్టినట్టు మధ్యకి విరిచి, గొట్టాల్లోకి ఒకసారి చూసి, తర్వాత చిటికెన వేలు పెట్టి తడిమేవాడు. “కన్ను సూసింది, వేలు సూసింది” అని పైకే అనుకునేవాడు. మిలటరీలో నేర్పిన అలవాటట. ఆ తర్వాత తుపాకీ మంచం కింద ఇనప్పెట్టెలోకి, తూటాలు బీరువాలోకి. పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. పిల్లలు గేటు పట్టుకుని వేలాడుతూ చూసేవాళ్లు.

“బేగి ఎల్లండి ఇళ్లకి! ఇదేటి, ఆట సామాననుకున్నారా?” అని కసిరేవాడు.

ఇంత పద్ధతైన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. అందుకే మా అమ్మాయి హాసినిని ఆ ఇంట్లో వదిలేవాళ్లం. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. మా ఆవిడ శ్రీదేవి ఆసుపత్రిలో నర్సు. హాసినికి ఐదేళ్లు. బడి పన్నెండున్నరకి అయిపోతుంది. అక్కడి నుంచి సాయంత్రం ఐదు దాకా అప్పలనరసింహం గారి భార్య రామాయమ్మ పిన్ని దగ్గరే అన్నం, నిద్ర, అల్లరి.

నేను భయస్తుణ్ని. బిడ్డ పాకడం మొదలుపెట్టిన వారం ఇంట్లో ప్లగ్గులన్నింటికీ మూతలు బిగించాను. నీళ్ల తొట్టి మూతకి తాళం వేశాను. ద్రాక్షపండు నాలుగు ముక్కలు చేస్తేగానీ నోట్లో పెట్టనిచ్చేవాణ్ని కాదు. అలాంటివాణ్ని, తుపాకీ ఉన్న ఇంట్లో బిడ్డని రెండేళ్లు వదిలి, “బాబాయ్, పగటిపూట అది ఎక్కడుంటుంది? సెలవు రోజున ఎక్కడుంటుంది?” అని ఒక్కసారి కూడా అడగలేదు. మొహమాటం. మిలటరీ మనిషిని తుపాకీ జాగ్రత్తగా పెట్టావా అని ఎలా అడుగుతాం?

అడిగి ఉంటే ఈ విషయం తెలిసేది. ఆయుధ పూజ రోజున ఆ తుపాకీలో రెండు తూటాలు ఉంటాయి.

అది రామాయమ్మ పిన్ని పుట్టింటి ఆచారం. వాళ్లది బెల్లం వండే ఇల్లు. చెరకు గానుగకి పూజ చేసే రోజున దాని నోట్లో మూడు చెరకు గడలు పెట్టాకే బొట్టు పెట్టేవారట. కుంచంలో బియ్యం ఉండాలి. రోట్లో గుప్పెడు మినుములు ఉండాలి. “ఖాళీ నోటితో ఉన్నదానికి దణ్ణం ఎడితే ఇంట్లో మనిషినే అడుగుతాది” అని వాళ్ల నాన్న చెప్పేవాడట. పెళ్లయ్యాక ఇంట్లోకి తుపాకీ వచ్చింది. దానికీ అదే లెక్క అంది. మిలటరీలోనూ ఆయుధాలకి పూజ చేసేవారు, కానీ అక్కడ ఖాళీవాటికే. అప్పలనరసింహం గారికి అది తెలుసు. అయినా హారతి అయ్యేదాకే కదా, నేను పక్కనే ఉంటాను కదా అని ఒప్పుకున్నాడు. ఇరవయ్యేళ్లుగా పూజకి ముందు రెండు తూటాలు పెడుతున్నాడు, కొబ్బరికాయ కొట్టి హారతివ్వగానే తీసేస్తున్నాడు. ఈ సంగతి ఆ ఇద్దరికి తప్ప వీధిలో ఎవరికీ తెలియదు.

పోయిన దసరా నవమి రోజు పొద్దున పది గంటలకి వీధంతా తడిగా ఉంది. అందరం బళ్లు కడుగుతున్నాం. బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. శ్రీదేవికి ఆ రోజు డ్యూటీ. హాసిని కొత్త పట్టులంగా కట్టుకుని అప్పటికే పక్కింట్లోకి దూరింది. హారతి గంట వినిపించింది. ఆ వెంటనే అప్పలనరసింహం గారి ఫోను మోగింది.

బ్యాంకులో సైరను ఆగకుండా మోగుతోందట. సెలవు రోజు. మేనేజరు ఊళ్లో లేడు. అక్కడున్న కొత్త గార్డుకి దాన్ని ఎలా ఆపాలో తెలియదు. ఆయన పూజ పంచెతోనే చొక్కా తగిలించుకుని సైకిలెక్కాడు.

“ఏటి బాబాయ్, పండగపూట కూడానా?” అన్నాను.

“సైరనుకి పండగేటి మాస్టారూ! పది నిమిషాల్లో వచ్చేత్తాను” అంటూ వెళ్లిపోయాడు.

నేను బండి తుడిచి, చేతులు కడుక్కుని, హాసినిని పిలుద్దామని వాళ్లింట్లోకి వెళ్లాను. పిన్ని వంటింట్లో పులిహోర విస్తరాకుల్లో కడుతోంది. ముందు గదిలో పీట మీద తుపాకీ ఉంది. గొట్టాలకి పసుపు, కుంకుమ బొట్లు. హాసిని దాని ముందు మఠం వేసుకుని కూర్చుని, బంతిరేకలు ఒక్కొక్కటే గొట్టంలోకి తోస్తోంది.

“నాన్నా, ఇందులో పువ్వేస్తే ఎక్కడికెళ్తాది?” అంది. ఒక కన్ను మూసి రెండో కన్ను గొట్టానికి ఆనించి చూసింది. “లోపలంతా చీకటే!”

నేను నవ్వాను. “వద్దమ్మా, మురికవుతావు” అన్నాను. నా నోట్లోంచి వచ్చింది ఆ మాటే. తర్వాత జేబులోంచి ఫోను తీశాను.

“ఇటు చూడు, నవ్వు” అన్నాను.

అది గొట్టాన్ని చెంపకి ఆనించుకుని, రెండు చేతులతో తుపాకీని కావలించుకుని నవ్వింది. మూడు ఫోటోలు తీశాను. ఒకటి ‘మా వీధి సిపాయి’ అని స్టేటస్‌లో పెట్టాను. శ్రీదేవికీ పంపాను. డ్యూటీలో ఉన్నా ఆమె నుంచి నిమిషంలో జవాబు వచ్చింది: “ఖాళీయేనా?”

“మిలటరీవాళ్లిల్లు. నువ్వు మరీనూ” అని కొట్టి, నవ్వుతున్న బొమ్మ పెట్టాను.

పది నిమిషాలన్న మనిషి నలభై నిమిషాలకి వచ్చాడు. అప్పటికి నేనూ హాసినీ వాళ్ల అరుగు మీద పులిహోర తింటున్నాం. ఆయన సైకిలు గోడకి ఆనించి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాడు. తుపాకీని విరిచిన చప్పుడు వినిపించింది.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఒక చేతిలో నలిగిన బంతిరేకలు ఉన్నాయి. రెండో చెయ్యి గుప్పిట మూసి ఉంది.

“మాస్టారూ, గొట్టంలో ఈ రేకలెవరెట్టేరు?”

“ఇంకెవరు బాబాయ్, మా హాసినే” అన్నాను, నవ్వుతూనే.

ఆయన గుప్పిట విప్పాడు. రెండు ఎర్రటి తూటాలు. అడుగున ఇత్తడి మెరుస్తోంది.

నా నోట్లో మెతుకు అలాగే ఉండిపోయింది. మింగాలో ఉమ్మాలో తెలియలేదు. మొదట, అవి బీరువాలోంచి తెచ్చి చూపిస్తున్నాడేమో అనుకున్నాను. ఆయన అరుగు మీద కూలబడి, “హారతి అవగానే తీయాల. ఫోనొచ్చింది. ఎల్లిపోనాను. తీయనేదు మాస్టారూ, తీయనేదు” అంటుంటే అర్థమైంది. ఆ తూటాల్లోంచి వచ్చే సీసపు గుళ్లు సెకనుకి దాదాపు నాలుగువందల మీటర్ల వేగంతో వెళతాయి. నా బిడ్డ కన్నుకీ వాటికీ మధ్య అప్పుడు ఉన్నవి గుప్పెడు బంతిరేకలు.

ఫోను తీసి ఫోటోలు పెద్దవి చేసి చూశాను. మూడో దాంట్లో హాసిని కుడి చేతి బొటనవేలు ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనప కమ్మీ లోపల ఉంది. ఆ వేలు అక్కడ ఉండగా నేను “నవ్వు” అన్నాను.

స్టేటస్ తీసేశాను. అప్పటికి ముప్ఫై ఒక్కమంది చూశారు. నలుగురు ‘సూపర్’ అన్నారు. నాకు తెలిసిన లెక్చరర్లు, ఒక డాక్టరు. శ్రీదేవి తప్ప ఒక్కరూ అడగలేదు.

సాయంత్రం ఆమె వచ్చాక చెప్పాను. పక్కింటివాళ్లని ఒక్క మాట అనలేదు. నన్నే అంది.

“నేను అడిగేను. అడిగేనా లేదా? నువ్వు పళ్లికిలించే బొమ్మ పెట్టేవు. ద్రాక్షపండు కోసే మనిషివి!” అని ఫోను మంచం మీదికి విసిరింది. తర్వాత హాసినిని ఒళ్లోకి లాక్కుని, తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసింది, ఎక్కడైనా దెబ్బ తగిలిందేమో అన్నట్టు. “ఇది ఇక ఆ గుమ్మం తొక్కదు” అంది. మర్నాటి నుంచి వారం సెలవు పెట్టింది. ఆ వారం తర్వాత ఏం చేయాలో తెలియక ఇద్దరం వంతులవారీగా సెలవులు పెడుతూ నెట్టుకొచ్చాం.

రామాయమ్మ పిన్నికి కోపం వచ్చింది. గోడ అవతలి నుంచి నాకు వినపడేలానే అంది. “ఇరవయ్యేళ్ల బట్టి ఎడతన్నాం, ఏటయ్యింది? సేఫ్టీ ఉంది గదా దానికి? అయినా ఐదేళ్ల గుంటకి అది నొక్కే బలమెక్కడిది? రెండేళ్లు నా సేత్తో తినిపించేను, ఇప్పుడు నా ఇల్లు సేదయిపోయింది!”

ఐదేళ్ల పిల్లకి బలం ఎక్కడిది? నేనూ మనసులో ఆ మాటనే పట్టుకుని రెండు రాత్రులు నిద్రపోవడానికి ప్రయత్నించాను. మూడో రోజు కాలేజీ ల్యాబులోంచి స్ప్రింగ్ త్రాసు తెచ్చి పక్కింటికి వెళ్లాను.

అప్పలనరసింహం గారు పెట్టె తాళం తీశాడు. కన్నుతో చూశాడు, వేలితో చూశాడు. “మీరూ సూడండి” అన్నాడు. నేనూ చూశాను. త్రాసు కొక్కెం ట్రిగ్గర్‌కి తగిలించాను.

“ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ లాగితే లోపలి పిన్ను పాడైపోతాదంటారు” అన్నాడు. మళ్లీ తనే, “పోతే పోనీండి. లాగండి” అన్నాడు.

టక్ మంది. ముల్లు రెండు కిలోలు దాటి కొంచెం ముందుకి వెళ్లింది. మూడుసార్లు లాగాం, మూడుసార్లూ అంతే.

తర్వాత మా ఇంటికి వచ్చాం. ఆయన లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు. త్రాసుని తలుపు గడియకి కట్టి హాసినితో, “ఈ కొక్కెం లాగమ్మా, ఎంత బలముందో చూద్దాం” అన్నాను. చూపుడువేలితో లాగితే కిలోన్నర కూడా రాలేదు. పిన్ని గోడ మీంచి చూస్తూ, “మరి సెప్పలేదేటి నాను!” అంది.

“అలగ కాదు” అన్నాడు అప్పలనరసింహం గారు మెల్లిగా. “పిల్లలు తుపాకీని మనలాగ పట్టుకోరు. మూతి తమవైపు తిప్పుకుని బొటనవేళ్లతో తోత్తారు. అమ్మలూ, రెండు బొటనవేళ్లూ ఎట్టి తొయ్యి.”

త్రాసుని తిప్పి కట్టాను. హాసిని నాలుక బయటపెట్టి, రెండు బొటనవేళ్లూ కొక్కేనికి ఆనించి తోసింది. ముల్లు మూడున్నర దగ్గర ఆగింది.

“గెలిచేనా?” అని అడిగింది.

ఆయన మళ్లీ తొయ్యమన్నాడు. మూడున్నర కన్నా కొంచెం ఎక్కువే వచ్చింది. అప్పుడు గోడవైపు తిరిగి భార్యతో అన్నాడు: “సేఫ్టీ అన్నావు గదా రామాయమ్మా. ఆ రోజు తుపాకీ విరిసినప్పుడు సేఫ్టీ ముందుకుంది, అంటే అడ్డు తీసేసినట్టే. నీ పసుపు మరక కూడా దానెంబడే ముందుకుంది. నువ్వు బొట్టెట్టినప్పుడు నీ వేలే తోసీసింది. మూడ్రోజుల నుండీ సెప్పలేక సస్తన్నాను.”

పిన్ని ముఖం గోడ మీంచి మాయమైంది. లోపల ఏదో గిన్నె కింద పడిన చప్పుడైంది. ఆ రోజంతా ఆవిడ బయటికి రాలేదు.

మర్నాడు ఆయన తుపాకీ, తూటాలు పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. తర్వాత బ్యాంకు మేనేజరుని అడిగాడు, డ్యూటీ అయ్యాక తుపాకీని బ్యాంకు స్ట్రాంగ్ రూములోనే ఉంచుతారా అని. అది కుదరదంటే ఉద్యోగం మానేస్తానన్నాడు. కాగితాలు తిరిగి అనుమతి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ కర్రతోనే గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సాయంత్రం ఖాళీ భుజంతో సైకిలు మీద వస్తుంటే టీకొట్టు నూకరాజు ఊరుకుంటాడా!

“ఏటి మామా, తుపాకీ లాగేసుకున్నారేటి? రేపు దొంగలొత్తే ఏటి సేత్తావు, ఈలేత్తావా?”

“ఈలే ఏత్తాన్రా. ఈలకి పిల్లలు సావరు” అన్నాడు. నూకరాజు గరిటె ఆగిపోయింది. అప్పుడు కొట్టు దగ్గర నిలబడే జరిగిందంతా చెప్పాడు. దాచలేదు. తన పేరు, తన ఇల్లు, తన తప్పు.

ఆ తర్వాత, హాసిని బడికి నాలుగు రోజులు సెలవులిచ్చి మొదటి రోజున తల్లిదండ్రుల సమావేశం పెట్టారని తెలిసి, హెడ్మాస్టరు దగ్గరికి తనే వెళ్లి పది నిమిషాలు అడిగాడు. యాభై మంది దాకా వచ్చారు. శ్రీదేవి వెనక బెంచీలో కూర్చుంది, ఆయన వైపు చూడకుండా. ఆయన మొదలుపెట్టగానే ముందు వరసలో ఒకాయన నవ్వాడు.

“మా ఇళ్లల్లో తుపాకులెక్కడున్నాయి బాబాయ్? గరిటెలు తప్ప ఏటీ లేవు. అవే మాకు డేంజరు.”

అందరూ నవ్వారు. నవ్వు ఆగేదాకా ఆయన ఆగాడు.

“మీ ఇంట్లో లేదు బాబూ. మాస్టారింట్లోనూ లేదు. నా ఇంట్లో ఉంది. ఆరి పిల్ల నా ఇంటికొచ్చింది. మీ పిల్లలు ఎల్లే ఇళ్లల్లో ఏటుందో మీరు అడిగేరా?” అని, ఏం చేశాడో, ఏం చేయలేదో చెప్పాడు. తుపాకీ ఖాళీ అని ఎవరు చెప్పినా నమ్మొద్దన్నాడు, మిలటరీవాడు చెప్పినా సరే. తుపాకీ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో, చెవులు పెద్దల ఒంటి మీద ఉండాలన్నాడు. పిల్లలకి తెలియకుండా దాచేశాం అనుకోవద్దన్నాడు. వాళ్లకి అన్నీ తెలుసు. తుపాకీ కనపడితే ముట్టుకోకుండా బయటికొచ్చి పెద్దవాళ్లకి చెప్పాలని వాళ్లకి నేర్పమన్నాడు. అయినా ఆ నేర్పుడు మీద ఆధారపడొద్దని కూడా అన్నాడు.

మధ్య వరసలోంచి ఒకావిడ లేచింది. పేరు కాసులమ్మ, పుట్టిల్లు రోలుగుంట వైపు.

“మా అన్నియ్య ఇంట్లో సేలో పడే అడివిపందుల్ని తోలడానికి నాటు తుపాకీ ఉంది” అంది. “అటక మీద ఉంటాది. మందు దట్టించే ఉంటాది బాబూ. పంది వచ్చినప్పుడు దట్టిద్దామంటే అవదు గదా. నా పిల్లలిద్దరూ నిన్నే ఎల్లేరు అక్కడికి, సెలవులని. అటకెక్కి దాగుడుమూతలాడతారు.”

ఆవిడ అక్కడే నిలబడి ఫోను చేసింది. మేం అందరం విన్నాం.

“అన్నియ్యా, నానే. పిల్లలేరీ? ఎక్కడ? ... అటక మీదా? దింపు. ముందు దింపు, తర్వాత సెప్తాను. ఏటనుకోకు అన్నియ్యా, ముందు దింపు!”

ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆవిడ ఫోను చెవికి అదుముకుని నిలబడింది. అవతల ఏదో మాట వినబడ్డాక కూలబడి ఏడ్చింది. దిగారట. వెనక బెంచీలోంచి శ్రీదేవి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. అప్పలనరసింహం గారు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, ఆ తుపాకీని ఎవరూ తాకొద్దనీ, పిల్లల్ని వేరే ఇంటికి పంపి పోలీసులకి చెప్పమనీ ఆ అన్నగారితో తనే ఫోనులో మాట్లాడాడు.

మర్నాడు ఉదయం శ్రీదేవి, హాసిని చెయ్యి పట్టుకుని పక్కింటి గుమ్మం ముందు నిలబడింది. నేను వెనకే ఉన్నాను. రామాయమ్మ పిన్ని తలుపు తీసింది.

“పిన్నీ, ఏటీ అనుకోకండి. తుపాకీ ఎక్కడుంది?”

నాకు తల వంచుకోవాలనిపించింది. పిన్ని మాత్రం తొణకలేదు.

“బేంకులో.”

“తూటాలో?”

“అవీ అక్కడే. ఇంట్లో ఒక్కటి లేదు.”

“ఇనప్పెట్టె తెరిచి చూపిస్తారా?”

పిన్ని లోపలికి వెళ్లి పెట్టె బయటికి లాగింది. పాత యూనిఫాం, కలరా ఉండలు. శ్రీదేవి చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమింది. బీరువా చూపించమని మేం అడగలేదు. పిన్నే తెరిచింది. మడత పెట్టిన చీరల మధ్య కూడా చూడమంది. శ్రీదేవి చూసింది, ఒక్కటి కూడా వదలకుండా.

“సాయంత్రం ఐదుకి వస్తాను పిన్నీ” అని హాసిని సంచీ ఆవిడ చేతికిచ్చింది.

పిన్ని సంచీ తీసుకుని గుమ్మం దిగబోతున్న మమ్మల్ని ఆపింది.

“ఉండండి. ఆదివారం సబ్బవరం నుండి నా మనవడొత్తన్నాడు. ఆడు మీ ఇంట్లో ఆడతాడు గదా? మరి మీ ఇల్లు నాకు సూపించరేటి?”

శ్రీదేవి నా వైపు చూసింది. నేను జేబులోంచి తాళంచెవి తీసి ముందు నడిచాను.